కానరాని తీగ

అరచేతిలో ఇముడు టెలిఫోను అద్దముపై బాలుడొకడు వ్రేలితో ఇటునుండి అటు రాచును. పుస్తకపు పుట తిరిగినట్లు వెంటనే బొమ్మ మారును. వ్రేలు ఫలాని చోట తాకినదని లోపలి యంత్రమునకు ఎవరు తెలిపిరి? ఆ వార్తను కొనిపోవుటకు తీగ యుండవలెను గదా! అద్దమునకు అడుగున బొమ్మ స్పష్టముగనే కనబడుచున్నది. బొమ్మకును కంటికిని నడుమ అడ్డు వచ్చినది ఏదియు లేదు. భూతద్దము తెచ్చి వెదకినను ఆ బాలునకు తీగ దొరకదు. అయినను పెక్కు టెలిఫోనులలో తీగ అచ్చటనే యున్నది. అది దారమువలె సన్ననిది కాదు. గాజుపై అంటియున్న పలుచని పొర. దాని మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు, లేదా దానికి రెండింతలు. తలవెండ్రుక దాని ముందు తాటిమ్రాను వంటిది.

ఆ పొర వెలుతురును గాజువలె పోనిచ్చును. విద్యుత్తును లోహమువలె ప్రవహింపనిచ్చును. వినుటకు ఇది సులభముగనే యున్నది గాని, ప్రకృతిలో ఈ రెండు గుణములకు పొత్తు కుదురుట అరుదు. ఇంటిలోని వస్తువులనే పరిశీలింపుడు. రాగి చెంబు, ఇత్తడి బిందె, ఇనుప గరిటె, వెండి గిన్నె, ఇవి యన్నియు విద్యుద్వాహకములే. వీనిలో ఒక్కదానిగుండనైనను దీపపు వెలుగు రాదు. గాజు గ్లాసుగుండ వెలుగు వచ్చును, విద్యుత్తు రాదు. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు గనులనుండి తీయు అభ్రకము చక్కగా పారదర్శకమైనది. అది విద్యుత్తును పోనీయదు గనుకనే ఇస్త్రీ పెట్టెలలో వేడి తీగను ఇనుముతో తగులకుండ కాపాడుటకు దానిని వాడిరి. ఉప్పునీటి మాటేమి యని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. ఉప్పునీరు వెలుగును, విద్యుత్తును రెండింటిని పోనిచ్చును. కాని అందు విద్యుత్తును మోయునవి ఎలక్ట్రానులు కావు, బరువైన అయానులు; అవి మెల్లగా కదలును. పైగా నీటిని గాజుపై పొరగా నిలుపుట ఎవరి తరము?

ఘనపదార్థములలో ఈ పొత్తును మొదట గుర్తించినవాడు కార్ల్ బేడెకర్ అను జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన కుటుంబము యాత్రికులకు దారిచూపు గ్రంథములను ప్రచురించి ఐరోపా అంతట పేరు గాంచినది. ఈయన మాత్రము దేశములను విడిచి లోహములను పట్టుకొనెను. లైప్జిగ్ నగరమున పనిచేయుచు, గాజుపై కాడ్మియము అను లోహమును పలుచని పొరగా పూసి, దానిని గాలిలో వేడిచేసెను. లోహము గాలిలోని ఆక్సిజనుతో కలిసి కాడ్మియము ఆక్సైడుగా మారెను. త్రుప్పు పట్టిన ఇనుమును చూచినవారు, ఇట్లు మారిన పొర విద్యుత్తుకు పనికిరాదనియే తలతురు. కొలిచి చూడగా పొర పారదర్శకమయ్యెను. విద్యుత్తు మాత్రము ఆగలేదు. ఈ ఫలితమును 1907లో ప్రకటించెను. తరువాత ఆయన యేనా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన దినములలోనే, బెల్జియములోని లియేజ్ వద్ద జరిగిన పోరులో ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 37 ఏండ్లు. తన పొర ఎన్ని విధముల ఉపయోగపడునో చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు.

కాడ్మియము ఆక్సైడు కొంచెము పచ్చని రంగు గలది. కాడ్మియము విషపదార్థము కూడ. కావున అది వాడుకలోనికి రాలేదు. వాడుకలోనికి వచ్చినది తగరపు ఆక్సైడు. దీని వెనుక ఒక తమాషా యున్నది. ఇంద్రధనుస్సువలె మెఱయు పూలకూజాలను, గిన్నెలను చేయు గాజు పనివారు, వేడివేడి గాజుపై తగరపు లవణములను చల్లుట 19వ శతాబ్దిలోనే యెఱుగుదురు. అట్లు వారు చేసినది తగరపు ఆక్సైడు పొరయే. వారికి కావలసినది రంగుల మెఱపు. దానిని తీసికొని తృప్తి చెందిరి. ఆ కూజాకు బ్యాటరీ తగిలించి చూడవలెనను ఆలోచన వారికెందుకు కలుగును?

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ ఆలోచన అవసరమైనది. మిక్కిలి ఎత్తున ఎగురు విమానములకు చలి భయంకరమైనది. చోదకుని ముందరి అద్దముపై మంచు పేరుకొన్నచో అతనికి దారి కానరాదు. దిగవలసిన నేల కానరాదు. అద్దములో ఇనుప తీగలు పెట్టి వేడిచేసినచో తీగలే చూపునకు అడ్డగును. తగరపు ఆక్సైడు పొర పూసిన అద్దమునకు రెండంచుల విద్యుత్తును కలిపిరి. పొర అంతయు సమముగా వెచ్చబడి మంచును కరిగించెను, చూపునకు అడ్డురాలేదు. నేటి ప్రయాణికుల విమానములలోను చోదకుని ముందరి అద్దములు పెక్కు ఇట్టి పొరలతోనే వేడెక్కుచున్నవి. పట్టణములలో ఐస్‌క్రీము దుకాణపు శీతలపెట్టెల తలుపులపై చెమ్మ పట్టకుండుటకు కూడ ఇట్టి అద్దములు వాడుట కలదు.

ఇక అసలు ప్రశ్న. ఇది ఎట్లు సాధ్యమైనది?

వెలుగు ధారవలె కనబడినను, అది చిన్న చిన్న శక్తి పొట్లములుగా వచ్చును. ఎఱ్ఱని వెలుగు పొట్లము చిన్నది. ఊదారంగు వెలుగు పొట్లము పెద్దది. ఎలక్ట్రాను వోల్టు అను కొలతలో చెప్పినచో మొదటిది సుమారు 1.8, రెండవది సుమారు 3.1. పదార్థములోని ఎలక్ట్రానులను ఒక ఇంటిలోని జనముగా భావింపుడు. ఆ ఇంటికి నేల యున్నది, పైన అటక యున్నది. నేలపై జనము క్రిక్కిరిసి కూర్చుండుటచే కదలుటకు చోటు లేదు. అటకపైకి ఎక్కినవాడు మాత్రము స్వేచ్ఛగా పరుగెత్తగలడు. నేలనుండి అటకకు ఎగురవలెనన్న వెలుగు పొట్లమును మ్రింగి ఆ బలముతో ఎగురవలెను. నడుమ ఆగుటకు మెట్టు లేదు. అటక ఎత్తు 3.5 అయినచో 1.8 పొట్లము గాని 3.1 పొట్లము గాని చాలదు. చాలని పొట్లమును ఎలక్ట్రాను ముట్టనే ముట్టదు. ముట్టువాడు లేనందున వెలుగు ఇంటిగుండ సాగిపోవును. అదియే పారదర్శకత. ఇండియము, తగరము, జింకు అను లోహముల ఆక్సైడులలో అటక ఇట్లే ఎత్తైనది. కాడ్మియము ఆక్సైడులో అటక తక్కువ ఎత్తున నుండుటచే నీలపు వెలుగు పొట్లములు మ్రింగబడును. అందుచేతనే దానికి ఆ పచ్చదనము.

కాని అటక ఎత్తైనచో దానిపై ఎవరును ఉండరు. పరుగెత్తువారు లేనిదే విద్యుత్తు లేదు. పరిశుద్ధమైన ఆక్సైడు మంచి వాహకము కాదు. అందువలన దానిలో తెలిసి తెలిసి కల్తీ చేయవలెను! పాలలో నీరు కలుపువానిని లోకము దూషించును. ఈ కల్తీని మాత్రము శాస్త్రజ్ఞులు ఎంతో శ్రద్ధతో తూచి చేయుదురు. ఇండియము ఆక్సైడులో ప్రతి ఇండియము అణువును బంధములకొఱకు మూడు ఎలక్ట్రానులను ఇచ్చును. తగరపు అణువు నాలుగు ఇయ్యగలదు. ఇండియము కూర్చుండు పీటపై తగరమును కూర్చుండబెట్టినచో, మూడు ఎలక్ట్రానులు బంధములలో చేరగా నాలుగవది మిగిలిపోవును. దానికి నేలపై చోటు లేదు. అది అటకపైకి చేరును. ఇట్లు లక్షలు, కోట్లు గాక, ఒక్క ఘన సెంటీమీటరులో ఒకటి ప్రక్కన ఇరువది, ఇరువదియొక్క సున్నలు పెట్టినన్ని ఎలక్ట్రానులు అటకపై తిరుగుచుండును. ఆక్సిజను అణువులు అక్కడక్కడ లోపించిన ఖాళీలు కూడ ఇట్లే కొన్ని ఎలక్ట్రానులను విడుచును.

అంత జనము అటకపై చేరినపుడు వెలుగును వారే అడ్డగింపరా యను సందేహము కలుగవలెను. లోహములు అపారదర్శకములగుట అందుచేతనే గదా! ఇచ్చట లెక్క చూడవలెను. రాగిలోని స్వేచ్ఛా ఎలక్ట్రానులతో పోల్చినచో మంచి ఆక్సైడు పొరలో నున్నవి సుమారు నూరవ వంతు మాత్రమే. ఎలక్ట్రానుల గుంపు వీణతీగ వంటిది. బిగించినకొలది తీగ శ్రుతి హెచ్చును, వదలు చేసినకొలది తగ్గును. గుంపు దట్టమైనచో అది వెలుగువంటి మిక్కిలి వేగముగల కంపనములకు కూడ తాళము వేసి వెనుకకు త్రిప్పి కొట్టగలదు; లోహపు మెఱుపు అదియే. గుంపు పలుచనైనచో ఆ వేగమునకు అందుకొనలేక వెలుగును పోనిచ్చును. వెలుగుకంటె నెమ్మదిగా కంపించు పరారుణ కిరణములను మాత్రము పట్టి వెనుకకు పంపును. ఆక్సైడు పొర సరిగా ఈ నడిమి స్థితిలో నున్నది. కంటికి గాజు, వేడికి అద్దము.

దీనికి మూల్యము చెల్లింపక తప్పదు. ఎలక్ట్రానులు నూరవ వంతే యగుటచే విద్యుత్తునకు ఆ పొర చూపు నిరోధము రాగికంటె సుమారు నూరు రెట్లు ఎక్కువ. నిరోధము తగ్గింపగోరి తగరమును మితిమీరి కలిపినచో అవి ఎలక్ట్రానులకు ఇచ్చుట మాని దారిలో రాళ్లవలె అడ్డుపడును. పొరను మందము చేసినచో వెలుగు తగ్గును. ఒకదానిని పెంచబోయిన మరియొకటి తగ్గును. ఎన్నో ప్రయోగములమీద, తూకములో ఇండియము ఆక్సైడు 90 వంతులు, తగరపు ఆక్సైడు 10 వంతులు అను పాలు ఎక్కువగా వాడుకలో నిలిచినది. మంచి పొర, మీదపడిన వెలుగులో నూటికి 80 నుండి 90 పాళ్లు పోనిచ్చును.

పొరను పఱచు పద్ధతులు రెండు ముఖ్యమైనవి. కిటికీ అద్దములకైనచో, కర్మాగారమున ఎఱ్ఱగా కాగి వచ్చు గాజుపై తగరపు సమ్మేళనముల ఆవిరిని పంపుదురు. ఆక్సైడు గాజునంటుకొని గట్టిపడును. సున్నితమైన పరికరములకైనచో, గాలి తీసివేసిన గదిలో కొద్దిగా ఆర్గాను వాయువును విడిచి, దాని అయానులను ఆక్సైడు పలకపై వేగముగా కొట్టింతురు. గోలీతో గోలీని కొట్టినట్లు పలకనుండి అణువులు ఎగిరి, ఎదుటనున్న గాజుపై పడి పేరుకొనును.

ఉపయోగములలో అందరి యింటను పరీక్షింపదగినది ఒకటి కలదు. పాత లెక్కల యంత్రమును, అనగా కాల్క్యులేటరును, వెలుతురునకు ఎదురుగా పట్టి అటునిటు వంచి చూడుడు. అంకె లేనిచోట కూడ, 8 అంకె ఆకారమున ఏడు చిన్న ముక్కల నీడలు లీలగా కనబడును. అవియే కానరాని తీగలు. ఆ కోణమున మాత్రము దొరకిపోవును. రెండు గాజుపలకల నడుమ ద్రవస్ఫటికము అను పదార్థము నింపి, పలకల లోపలి ముఖములపై ఆక్సైడు పొరను ముక్కలుగా తీర్చుదురు. ఏ ముక్కకు విద్యుత్తు అందునో అచ్చటి ద్రవస్ఫటికపు అణువులు ప్రక్కకు తిరిగి వెలుగు నడకను మార్చును. ఆ ముక్క నల్లబడును. ఏడింటిని వేర్వేరుగా నల్లబఱచి సున్న మొదలు తొమ్మిది వరకు అన్ని అంకెలను వ్రాయవచ్చును. దూరదర్శని తెరలోను సూత్రమిదియే. ముక్కలు మాత్రము లక్షలు.

టెలిఫోను తెరపై పొరను గళ్లుగా తీర్చి, గళ్లలో స్వల్పముగా విద్యుదావేశమును నిలుపుదురు. మనుష్యదేహము విద్యుద్వాహకము గనుక, వ్రేలు దగ్గరకు రాగానే ఆ గడిలోని ఆవేశము కొంచెము మారును. ఏ గడిలో మారినదో లెక్కించి యంత్రము చోటును తెలిసికొనును. ఎండుపుల్లతో ఎంత పొడిచినను తెర పలుకకుండుటకు కారణము ఇదియే.

సూర్యరశ్మినుండి విద్యుత్తును తీయు ఫలకములకు ఈ పొర మరింత ఆవశ్యకము. అచ్చట వెలుగు లోనికి పోవలసినదియు, విద్యుత్తు వెలుపలికి రావలసినదియు ఒక్క వాకిటనే. ఇండ్ల కప్పులపై నుండు సిలికాను ఫలకములను దగ్గరగా చూచినచో సన్నని వెండి గీతలు కనబడును. విద్యుత్తును తెచ్చునవి అవి. వాని నీడ పడినంత మేర వెలుగు నష్టము. కాడ్మియము టెల్లురైడుతో చేయు పలుచని ఫలకములకు ఆ గీతలు అక్కఱలేదు. ఫ్లోరిను కలిపిన తగరపు ఆక్సైడు పొరయే ముందరి గాజు అడుగున నుండి ఆ పని చేయును. అదే పొర చలిదేశములలో కిటికీలకు పూసినచో ఇంటిలోని వెచ్చదనమును బయటకు పోనీయక లోపలికే త్రిప్పును.

ఇన్ని పనులలో సున్నితమైన వానికి నేటికిని ఇండియమే కావలసి వచ్చుచున్నది. ఈ లోహపు జన్మకథ చిత్రమైనది. 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గు గని విద్యాలయమున ఫెర్డినాండ్ రైఖ్ అను ఆచార్యుడు జింకు ఖనిజమును పరీక్షించుచుండెను. ఖనిజమును మంటలో పెట్టి, ఆ వెలుగును పట్టకము గుండ చూచి, కనబడు రంగు గీతలనుబట్టి అందలి లోహములను గుర్తింపవలెను. కాని రైఖునకు రంగులు గుర్తించు చూపు లేదు. సిగ్గుపడక, తన సహాయకుడైన థియొడోర్ రిఖ్టరును పిలిచి చూడుమనెను. రిఖ్టరునకు అంతకుముందు ఎవరును చెప్పని నీలిరంగు గీత యొకటి కనబడినది. క్రొత్త మూలకము దొరకినది. నీలిమందునకు ఐరోపా భాషలలో ఇండిగో అని పేరు; ఆ రంగునుబట్టి లోహమునకు ఇండియము అని పేరిడిరి. ఇండిగో అను మాటకు మూలము భారతదేశపుదని అర్థమిచ్చు గ్రీకు పదము. ఒకప్పుడు కడప, నెల్లూరు సీమలలో విరివిగా పండిన నీలి చెట్టు, ఇట్లు తన పేరును జర్మనీ గనిలోని లోహమునకు పంచి ఇచ్చినది.

ఇండియమునకు వేరుగా గనులు లేవు. జింకును శుద్ధిచేయుచోట అది ఉపఫలముగా లభించును. ప్రపంచమంతట ఏటా శుద్ధియగునది సుమారు వేయి టన్నులు. అందు ఎక్కువ భాగము చైనాలో. జింకు త్రవ్వకము తగ్గినచో ఇండియమును తగ్గును. దాని ధరకు స్థిరత లేదు. పాఱవేసిన టెలిఫోనులలో అది యున్నను, పొర అంత పలుచనిదగుటచే తిరిగి తీయుటకు ఖర్చు ఎక్కువ.

మరియొక సంగతి దీనికంటె గంభీరమైనది. తెరపై నంటియున్న పొరవలన వాడువారికి భయము లేదు. కాని ఆ పొరను చేయుటకు ముందు ఆక్సైడును పలకలుగా పోసి అరగదీయవలెను; అపుడు సన్నని ధూళి రేగును. జపానులో ఆ పని చేసిన యువ కార్మికుడొకడు ఊపిరితిత్తుల వ్యాధితో 2001లో మరణించెను. ఆతని ఊపిరితిత్తులలో ఇండియము తగర ఆక్సైడు రేణువులు దొరకినట్లు వైద్యులు 2003లో ప్రకటించిరి.  తరువాత మరికొందరు కార్మికులలోను వ్యాధి బయటపడగా, ధూళిని అరికట్టుటకును, పనివారి రక్తమును పరీక్షించుటకును జపాను ప్రభుత్వము నియమములు చేసినది. మెఱయు తెరను చూచువారిలో ఎందరు ఈ కార్మికుని తలచుకొందురు?

ఇండియమునకు బదులు వెదకుట చాలకాలమునుండి సాగుచున్నది. 1983లో ఢిల్లీలోని భారత సాంకేతిక విజ్ఞాన సంస్థకు చెందిన కస్తూరీలాల్ చోప్రా, తన సహచరులతో కూడి, పారదర్శక వాహకములపై అంతవరకు జరిగిన పనినంతను క్రోడీకరించిన వ్యాసమును ప్రకటించెను. ఈ శాస్త్రమున పనిచేయువారు పెక్కురు నేటికిని దానిని చదువుదురు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలోను పలుచని పొరలపై పరిశోధన సాగినది. బదులుగా నిలువగలవానిలో ముఖ్యమైనది అల్యూమినియము కలిపిన జింకు ఆక్సైడు. జింకు చవుక, కావలసినంత దొరకును. కాని తేమ తగిలినచో ఆ పొర క్రమముగా చెడును. వంచదగిన తెరలకైనచో ఆక్సైడులన్నిటికి ఒకే చిక్కు. అవి గాజువలె పెళుసు. పలుమారు మడిచినచో కంటికి కానరాని బీటలు వారి ప్రవాహము తెగును. అందుకొఱకు వెండితో చేసిన అతిసూక్ష్మ తంతువులను వలవలె పఱచి చూచుచున్నారు. ఆ వల కన్నులగుండ వెలుగు పోవును, పోగులగుండ విద్యుత్తు పోవును. మడిచినను తెగదు. తేమకును గాలికిని వెండి నల్లబడకుండ దానిని కాపాడుట యెట్లన్నదే ఇప్పుడు ప్రయోగశాలలలో జరుగుచున్న పని.